వంటింటి గోడా, వినపడని తెలుగూ

పంకజం కాపురానికి వచ్చిననాడు ఆ వంటింటి గోడ ఏ రంగులో ఉండేదో చెప్పగలిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇద్దరే. ఒకరు పంకజం, రెండోవారు ఆమె అత్తగారు గోవిందమ్మాళ్. పంకజం పసుపు అంటుంది, అత్తగారు నీలం అంటుంది. ఏ రంగైతేనేం, ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి పొగ తాగి తాగి అదిప్పుడు బొగ్గుల కొట్టు గోడలా ఉంది. చీర కొంగు తగిలితే కొంగు నలుపు, భుజం తగిలితే భుజం నలుపు. ఆ గోడకు తెల్లటి పింగాణీ బిళ్ళలు వేయించుకోవాలని పంకజం కోరిక. గుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిస్తే అద్దంలా మెరవాలి. నగలు కోరలేదు, యాత్రలు కోరలేదు, గోడ కోరింది.

కోయంబత్తూరు మొత్తం మిల్లు సైరన్ల లెక్కన లేచి, తిని, పడుకునే రోజులవి. పంకజం భర్త వెంకటపతికి రాజవీధిలో నూలు కొట్టు ఉండేది, ఇల్లు ఆర్.ఎస్. పురంలో. మనిషి మంచివాడే, కానీ తల్లి ముఖం చూడకుండా తుమ్మడు కూడా. రెండేళ్ళ కిందట భార్య పోరు పడలేక ఆయనే ఎవరో మేస్త్రిని పట్టుకొచ్చి, కుళాయి వెనకాల నాలుగు వరసల పింగాణీ బిళ్ళలు అతికించాడు. ఆరు నెలలు తిరక్కుండానే అందులో ఒకటి ఊడి, సరిగ్గా కింద దించిపెట్టిన రసం గిన్నెలో పడింది. ఆ రోజు రసం పారబోశారు గానీ ఆ మాటను మాత్రం ఎవరూ పారబోయలేదు. పింగాణీ అన్న పేరెత్తితే చాలు, గోవిందమ్మాళ్ "ఏం, రసంలోకి కావాల్నా?" అనేది.

అయినా పంకజం వదల్లేదు. ఒక పండగనాడు, అందరి కడుపులూ నిండి ఉన్న మంచి సమయం చూసుకుని, ఈసారి మేస్త్రిని తానే వెతుకుతానని, పని తానే దగ్గరుండి చేయించుకుంటానని అడిగింది. వెంకటపతి అలవాటు ప్రకారం తల్లి వైపు చూశాడు.

"కానియ్యి," అంది గోవిందమ్మాళ్ తాంబూలం నములుతూ. "బాగ వచ్చిందంటే ఇంకమీద ఇంటి పన్లన్నీ నువ్వే చూసుకో, నేను నోరెత్తను. సగంలో నిల్చిపోయిందంటే మాత్రం, ఈ ఇంట్లో గోడకు ఒక మేకు కొట్టాలన్నా నన్ను అడిగినాకే."

అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత ఉంది. అత్త ఉన్న కోడలికి గోడ కూడా పందెమే. గోడ నిలబడితే ఆ ఇంట్లో పంకజం మాట నిలబడుతుంది. గోడ ఆగిపోతే ఆమె మాట ఇక ఎప్పటికీ పొయ్యి దగ్గరే ఉండిపోతుంది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, వెంకటపతికి కూడా కొంచెం తెలుసు.

పంకజం మేస్త్రిని వెతికిన పద్ధతి తెలివైనది. కొట్లవాళ్ళనూ అడగలేదు, కాంట్రాక్టర్లనూ అడగలేదు. పక్క వీధిలో ఒక డాక్టరుగారి ఇంట్లో చాన్నాళ్ళ కిందట వేసిన పింగాణీ గోడ చెక్కుచెదరకుండా ఉందని విని, ఆ ఇంటి వంటమనిషి దగ్గరకు వెళ్ళి, ఈ గోడ వేసిందెవరని అడిగింది. ఆ విధంగా ఈశ్వరన్ పేరు బయటికొచ్చింది. సింగానల్లూరు అవతల మిల్లు కూలీల లైను ఇళ్ళ వెనకాల ఉంటాడని, భార్యాభర్తలిద్దరే పని చేస్తారని, కబురు పెడితే వస్తారని ఆవిడ చెప్పింది.

కబురు అందిన మర్నాడే వచ్చాడు. సైకిలు మీద ముందు అతను, వెనక సామాన్ల గంప ఒళ్ళో పెట్టుకుని అతని భార్య వీరాయి. అతను బక్కపలచని మనిషి, చెంపలు నెరిశాయి. ఆమె గట్టి మనిషి, ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు. వంటింట్లోకి వచ్చాక ఈశ్వరన్ ఒక్క మాటైనా మాట్లాడకుండా, తాపీ పిడితో కుళాయి వెనకాల మిగిలిన పాత బిళ్ళలను ఒక్కొక్కటే తట్టడం మొదలుపెట్టాడు. తట్టినప్పుడల్లా గోడ వైపు కాకుండా భార్య ముఖం వైపు చూసేవాడు. ఆమె తల నిలువుగా ఊపితే పక్క బిళ్ళకు వెళ్ళేవాడు. అడ్డంగా ఊపితే ఆ బిళ్ళ మీద సుద్దతో గీత గీసేవాడు. చూస్తుండగానే సగం బిళ్ళల మీద సుద్ద గీతలు పడ్డాయి.

పంకజానికి ఏమీ అర్థం కాలేదు. ఇదేం పద్ధతని తమిళంలో అడిగింది. వీరాయి తమిళంలోనే చెప్పింది. బిళ్ళ వెనక సిమెంటు నిండుగా ఉంటే ఒక చప్పుడు, బోలుగా ఉంటే ఇంకో చప్పుడు వస్తుంది. బోలుగా ఉన్నది ఎప్పటికైనా ఊడుతుంది. తన భర్త చాలా ఏళ్ళు మిల్లులో మగ్గాల షెడ్డులో పనిచేశాడు, ఆ మోతకు చెవులు పోయాయి, దగ్గరకొచ్చి అరిస్తే తప్ప వినపడదు. అందుకని తట్టేది అతను, వినేది తాను. మిల్లు ఒకసారి నెలల తరబడి మూతపడితే మామ దగ్గర తాపీ పట్టడం నేర్చుకున్నాడని, మళ్ళీ మిల్లు గేటు తొక్కలేదని కూడా చెప్పింది.

ఉన్నదున్నట్టు చెప్పిన ఆ తీరు పంకజానికి నచ్చింది. చెవుడు దాచుకోని మనిషి బోలు బిళ్ళను దాచడనుకుంది. అక్కడికక్కడే పని ఒప్పజెప్పింది. గోవిందమ్మాళ్ మాత్రం వాళ్ళు వెళ్ళాక, "ఊరంతా వెదికి చెవిటోణ్ణి పట్టుకొచ్చినావు," అంది.

ఇక్కడ ఆ ఇంటి అలవాటొకటి చెప్పాలి. ఆ వైపు తెలుగు వ్యాపారుల ఇళ్ళల్లో గడప బయట తమిళం, గడప లోపల తెలుగు. ఆంధ్రదేశం ఎటువైపుందో కూడా తెలియకపోయినా తెలుగు మాత్రం వదలరు. దానికి భాషాభిమానం ఒక కారణమైతే, ఉపయోగం రెండో కారణం. కొట్లో బేరగాడు ఎదురుగా కూర్చుని ఉండగానే, అన్నదమ్ములు ముఖం మీద నవ్వు చెరగకుండా, వానల గురించి మాట్లాడుకుంటున్నట్టు, వీడికి ఎంతలో ఇవ్వవచ్చో తెలుగులో తేల్చుకుంటారు. తాతల నుంచి వచ్చిన ఆస్తుల్లో ఇనప్పెట్టె తర్వాత ఈ విద్యే పెద్దది. ఇంట్లో ఆడవాళ్ళకూ ఇది బాగా అలవాటు. పాలవాడు, చాకలి, కూరగాయల ఆమె, ఎవరి ముందు నిలబడి వాళ్ళనే తిట్టుకోవచ్చు. గోడలకు చెవులుంటాయన్న సామెత చెప్పేదీ వీళ్ళే, మరిచిపోయేదీ వీళ్ళే.

పని మొదలైంది. ఈశ్వరన్ పాత పూతంతా చెక్కేసి, గోడకు గాట్లు పెట్టాడు. వీరాయి పెరట్లో సిమెంటు తొట్టి నిండా నీళ్ళు పోసి, అందులో బిళ్ళలు మునగేసింది. ముందుగా నీళ్ళు తాగించకపోతే బిళ్ళ సిమెంటులోని తడినంతా పీల్చేసుకుని తర్వాత ఊడుతుంది. గోవిందమ్మాళ్ వంటింటి గుమ్మం పక్కన తన బల్ల వేయించుకుని, సభకు అధ్యక్షత వహించినట్టు కూర్చుంది.

"బిళ్ళల్ని నీళ్ళల్లో వేస్తా ఉండాది. ఊరగాయ పెడతాదో ఏమో," అంది తెలుగులో, చిరునవ్వుతో.

"పెళ్ళాం చెవిని నమ్ముకుని గోడ కట్టే మొగోణ్ణి ఇప్పుడే చూస్తా ఉండాను," అంది ఇంకాసేపటికి.

"ఇది సగంలో నిల్చేదే. రాసిపెట్టుకో పంకజం. నిల్చినాక నువ్వు నా దగ్గరికే వస్తావు," అంది పూటకొకసారి.

పంకజం ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ అత్తగారి ముందు తాను మెతక మనిషి కాదని, పనివాళ్ళను అదుపులో పెట్టగలదని చూపించుకోవాలనిపించింది. ఒక సాయంత్రం పనివాళ్ళ కోసం విడిగా ఉంచిన అల్యూమినియం లోటాలో వీరాయికి కాఫీ పోస్తూ, ఆమె ముఖంలోకే నవ్వుతూ చూస్తూ, అత్తగారితో తెలుగులో ఇలా అంది.

"ఇత్తడి గిన్నెలన్నీ లోపలి రూములో పెట్టించేసినానత్తా. ఈ జనం చెయ్యి ఎట్లాంటిదో మనకేం తెలుసు. పోయినాక వెదుక్కునేదానికంటే ముందే జాగర్తపడేది మేలు."

గోవిందమ్మాళ్ కోడలి మాటకు తల ఊపింది. ఆ తల ఆ విధంగా ఊగడం పంకజం ఎన్నడూ ఎరగదు. ఇంకోసారి ఊగుతుందేమోనన్న ఆశతో మరో నాలుగు మాటలు కలిపింది. ఆ నాలుగు మాటలూ ఇక్కడ చెప్పను. చెబితే పంకజం మీద మీకున్న ఇష్టం పోతుంది, నాకింకా కథ మిగిలి ఉంది.

వీరాయి కాఫీ తాగింది. లోటా కడిగి బోర్లించి, తమిళంలో "సరీంగమ్మా" అని లోపలికి వెళ్ళింది. వెళ్ళి భర్త ఎదుట నిలబడి పెదవులు కదిలించింది. చప్పుడు లేదు, ఉత్త పెదవులే. ఈశ్వరన్ చేతిలో తాపీ ఒక్క క్షణం ఆగింది. అతనూ పెదవులు కదిలించాడు. తర్వాత మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇది చూసి గోవిందమ్మాళ్ బల్ల మీద నిటారుగా కూర్చుంది. మొదటిరోజు నుంచీ ఆమెకు ఇదే అనుమానం. వాళ్ళిద్దరూ మాట బయటికి రాకుండా ఏదో మాట్లాడుకుంటున్నారు. మంత్రం వేస్తున్నారో, ఎగతాళి చేస్తున్నారో తెలియదు. మిల్లువాళ్ళు అంతేనని, మగ్గాల మోతలో గొంతు వినపడదు కాబట్టి పెదవులతోనే మాట్లాడుకోవడం నేర్చుకుంటారని పంకజం సర్దిచెప్పింది. ముసలావిడ వినలేదు.

"నీకు వస్తాది కదా ఆ విద్య. మీ తమ్ముడితో అట్లానే మాట్లాడేదానివి. ఏమంటా ఉండారో చూసి చెప్పు నాకు."

అది నిజమే. పంకజం పుట్టిల్లు తేనిలో. తండ్రికి ఏలకుల వ్యాపారం. తమ్ముడు కేశవన్‌కు పసితనంలో జ్వరం వచ్చి చెవులు పోయాయి. అక్కాతమ్ముళ్ళు పెదవులతో మాట్లాడుకుంటూనే పెరిగారు. ఇప్పటికీ పంకజం తేని వెళ్తే, ఏలకుల బస్తాల మధ్య కూర్చుని వాళ్ళిద్దరూ చప్పుడు చేయకుండా గంటల తరబడి నవ్వుకుంటారు. పెదవులు చదవడం ఆమెకు కొత్త కాదు.

మర్నాడు పొద్దుట నుంచీ కూరలు తరుగుతున్నట్టు కత్తిపీట ముందేసుకుని పంకజం వాళ్ళ పెదవులే చూసింది. ఒక్క మాటా అందలేదు. తమిళంలో సిమెంటు అడిగితే పెదవులు ఎలా ఉండాలి, నీళ్ళు అడిగితే ఎలా ఉండాలి అని ఊహించుకుంటూ చూసింది, ఏదీ కుదరలేదు. అత్తగారికి అదే చెప్పింది, మిల్లువాళ్ళ భాష వేరేగా ఉందని. లోలోపల ఆమెకూ అనుమానం మొదలైంది. నిజంగానే తన గోడ దగ్గర నిలబడి తనను ఎగతాళి చేస్తున్నారేమో అనిపించింది. గోడ సగానికి వచ్చింది. కింద సగం తెల్లగా మెరుస్తోంది, పైసగం గాట్లు పడి ఇంకా నల్లగా ఉంది.

మధ్యాహ్నం సైరన్ కూసింది. ఈశ్వరన్ అది వినలేదు, గోడకు కట్టిన దారం సరిచూసుకుంటున్నాడు. వీరాయి అతని భుజం తట్టి, పెదవులు గట్టిగా మూసి, సున్నాలా చుట్టి, కింది పెదవిని పళ్ళకు తాకించింది.

బువ్వ.

పంకజం చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది. అది కేశవన్ మాట. చిన్నప్పుడు ఆకలేసినప్పుడల్లా వంటింటి గుమ్మంలో నిలబడి వాడు చూపించిన మొదటి మాట. తమిళంలో పెద్దవాళ్ళు ఒకరినొకరు అన్నానికి అలా పిలుచుకోరు. వీళ్ళు తెలుగువాళ్ళు. ఇంతసేపూ తాను తమిళం వెతికింది కాబట్టి దొరకలేదు. ఇప్పుడు తెలుగనుకుని చూస్తే, పొద్దుటి నుంచీ మూతబడి ఉన్న వాళ్ళ మాటలు తమ్ముడి మాటల్లాగే పొల్లుపోకుండా తెలుస్తున్నాయి.

"బువ్వ తిందాం రా," అంటోంది వీరాయి చప్పుడు లేకుండా. "తినేసి ఇంటికి పోదాం. మళ్ళా ఈ ఇంటికి వద్దు."

"సగం గోడ వదిలిపెట్టి యాడికి పోయేది?" అన్నాడు ఈశ్వరన్, అవే పెదవులతో.

"సగమైతే సగం. నన్ను దొంగ అన్నాది. నా మొహం చూసి నవ్వుతా అన్నాది. ముసలామె అంటే అన్నాది, వయసు. ఈమె ఏమిటికి అనాల?"

ఈశ్వరన్ తాపీ తుడుచుకున్నాడు. "ఆ ముసలామె తల ఊపాలని అన్నాది, పాపం. మనం సగంలో పోతే ఈ కోడలి మాట ఈ ఇంట్లో ఇంక చెల్లదు. నువ్వే కదా విని చెప్పినావు. ముగించేసి పోదాం. మళ్ళా పిలిస్తే వద్దులే."

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళి తమ క్యారియరు విప్పుకున్నారు. పంకజం కత్తిపీట ముందు కదలకుండా కూర్చుంది. ముఖం మండిపోతోంది. మొదటి రోజు నుంచీ తామన్న ప్రతి మాటా వీరాయి విన్నది. విని, వినపడని మొగుడికి ఒక్కొక్కటీ అందించింది. ఊరగాయ మాట, చెవిటివాడి మాట, ఇత్తడి గిన్నెల మాట, ఆ తర్వాతి నాలుగు మాటలు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఆమె తల్లి వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. తెలుగులో జారితే పరవాలేదని ఎవరూ చెప్పలేదు, పంకజం తనంతట తాను అనుకుంది.

"ఏమన్నారు?" అంది గోవిందమ్మాళ్ ఆత్రంగా. "ఇప్పుడు అందినట్టుందే."

"బువ్వ తిందామనుకున్నారత్తా," అంది పంకజం. అది అబద్ధం కాదు.

ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. చూడనట్టు ఊరుకుంటే వచ్చే నష్టమేమీ లేదు. గోడ ముగిస్తామని వాళ్ళే అనుకున్నారు. ముగిస్తే పందెం గెలిచినట్టే, ఇంటి పనులన్నీ ఇక తన చేతికే. నోరు మెదిపితేనే నష్టం. అత్తగారి ముందు పనివాళ్ళను మన్నించమని అడగడమంటే, ఇన్నేళ్ళకు తొలిసారి ఊగిన ఆ తలను మళ్ళీ అడ్డంగా ఊపించుకోవడమే. పైగా అత్తగారు అన్న మాటలు కూడా బయటపడతాయి, ఆ కోపం ఎవరి మీదికి వస్తుందో వేరే చెప్పాలా. ఇవన్నీ పంకజం బాగానే లెక్కవేసుకుంది. లెక్క సరిగ్గానే ఉంది. కానీ వీరాయి పెదవులు "నవ్వుతా అన్నాది" అన్నప్పటి ముఖం మాత్రం కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

మర్నాడు పొద్దున సైకిలు గంట వినపడేదాకా పంకజం వీధి గుమ్మం వదల్లేదు. వచ్చారు. ఈశ్వరన్ దారం కట్టుకుని, గోడ వైపు తిరిగి పనిలో పడ్డాడు. వీరాయి తొట్టిలోంచి నానిన బిళ్ళలు తీసి, తుడిచి, ఒక్కొక్కటే అందిస్తోంది. గోవిందమ్మాళ్ బల్ల ఎక్కింది.

పంకజం అత్తగారికి వీపు పెట్టి, వీరాయికి ఎదురుగా నిలబడింది. తేనిలో తమ్ముడి ముందు తప్ప ఎక్కడా వాడని పెదవులను ఆ ఇంట్లో కదిలించింది.

"నేనన్న మాట తప్పు. మనసులో పెట్టుకోవద్దు."

వీరాయి చేతిలో బిళ్ళ జారబోయింది, పట్టుకుంది.

"అమ్మకు ఇది వస్తాదా?" అన్నాయి ఆమె పెదవులు.

"మా తమ్ముడికి వినపడదు. నిన్న మీరు మాట్లాడింది చూసినా."

వీరాయి తల వంచుకుని చేతిలోని బిళ్ళను కొంగుతో మళ్ళీ తుడిచింది. అది తుడిచిన బిళ్ళే. తర్వాత తలెత్తి, తొందర లేకుండా, ఒక్కో మాటా స్పష్టంగా తెలిసేలా పెదవులు కదిలించింది.

"తిట్టింది గట్టిగా కదమ్మా."

కోపంగా అనలేదు. బిళ్ళ పట్టుకుని నిలబడింది.

పంకజం వెనక్కి తిరిగింది. బల్ల మీద గోవిందమ్మాళ్ వక్కలు కత్తిరించుకుంటోంది. ఆ ముఖం ముందు ఇన్నేళ్ళలో పంకజం గొంతు ఏనాడూ ఒక స్థాయి దాటింది లేదు. మళ్ళీ వీరాయి వైపు తిరిగి, ఇల్లంతా వినపడేలా తెలుగులో అంది.

"వీరాయీ, నిన్ను దొంగ అన్నట్టు మాట్లాడినాను. అది తప్పు. నువ్వట్లాంటిదానివి కాదని తెలిసీ, మా అత్త మెచ్చుకోవాలని అన్నాను. మన్నించు."

వక్కల కత్తెర ఆగిపోయింది.

"తెలుగులో చెప్తా ఉండావేమే, దానికేం తెలుస్తాది..." అంటూ మొదలుపెట్టిన గోవిందమ్మాళ్, వీరాయి ముఖం చూసి ఆగింది. ముసలావిడ ముఖంలో ఒక్కొక్క రోజే వెనక్కి నడిచింది. నిన్నటి మాటలు, మొన్నటి మాటలు, మొదటిరోజు ఊరగాయ, వాటితో పాటు పంకజం పెరట్లో ఉన్నప్పుడు కోడలి గురించి తనలో తాను గొణుక్కున్నవి కూడా. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయింది.

"తెలుగోళ్ళా మీరు?" అంది చివరికి. "ముందే చెప్పకూడదా?"

వీరాయి గొంతు ఆ ఇంట్లో తెలుగులో వినపడటం అదే మొదలు. పంకజం తెలుగు కంటే కాస్త మోటుగా, కాస్త పాతగా, గట్టిగా ఉంది.

"మీరు అడగలేదమ్మా. తెలుగోళ్ళమంటే, తరువాత ఏ తెలుగోళ్ళని ఇంకోటి అడుగుతారు. అది చెప్పినాక వంటింట్లోకి రానిస్తారో లేదో ఎవరికి తెలుసు? మాకు పని కావాల్సి ఉండాది. తమిళమే మేలని ఉండిపోతిమి."

అల్యూమినియం లోటా కిటికీలో బోర్లించి ఉంది. అత్తాకోడళ్ళిద్దరూ దాని వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

అంతలో ఈశ్వరన్ చెయ్యి వెనక్కి చాచాడు, బిళ్ళ కోసం. బిళ్ళ రాలేదు. తిరిగి చూశాడు. ముగ్గురు ఆడవాళ్ళూ మూడు దిక్కుల కొయ్యబారి ఉన్నారు. ఏమైందని భార్యను పెదవులతో అడిగాడు. ఆమె పెదవులతో చెప్పలేదు. పంకజం వైపు తిరిగింది.

"ఆయనకు వినపడలేదమ్మా."

"నువ్వు చెప్పు వీరాయీ. రోజూ నువ్వే కదా చెప్పేది."

"తిట్లు నేనే చెప్పినా. ఇది మీరే చెప్తే బాగుంటాది. కొంచం బిగ్గరగా చెప్పండి, మగ్గం పక్కన నిల్చున్నట్టు."

పెదవులతోనే చెప్పవచ్చు, అతనికి బాగా అర్థమవుతుంది కూడా. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అయినా వీరాయి బిళ్ళ అందించలేదు, ఈశ్వరన్ చాచిన చెయ్యి దించలేదు. పంకజం గుండె నిండా గాలి పీల్చుకుంది.

"మేస్త్రీ," అని అరిచింది. "మీ ఇద్దర్నీ తప్పుగా అన్నాను. తప్పు నాది. మీరు మంచోళ్ళు."

ఎదురింటి కిటికీ రెక్క తెరుచుకుంది. వీధిలో పోతున్న కూరగాయల బండి ఆగింది. ఆ ఇంట్లో పంకజం గొంతు వీధి దాకా వినపడటం అదే ప్రథమం, తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. అరిచాక భయం వేస్తుందనుకుంది, వేయలేదు. ఏళ్ళుగా మూసి ఉన్న గది తలుపు తీసినట్టు హాయిగా అనిపించింది. నవ్వొచ్చింది కూడా, ఆపుకుంది.

ఈశ్వరన్ తల ఊపాడు. వినపడని మనిషి గొంతు ఎప్పుడూ పెద్దదే, తెలుగులో అతను చెప్పింది కూడా వీధి దాకా వినపడింది.

"వినపడిందమ్మా. సరి, వదిలిపెట్టండి. సిమెంటు ఎండిపోతా ఉండాది."

వీరాయి బిళ్ళ అందించింది. అతను వెనక సిమెంటు రాసి, గోడకు పెట్టి, తాపీ పిడితో తట్టి, భార్య వైపు చూశాడు. ఆమె తల నిలువుగా ఊపింది. పంకజం కాఫీ పెట్టడానికి పొయ్యి దగ్గరకు వెళ్ళి, అందరికీ కలిపి నాలుగు వెండి లోటాలు తీసింది. అత్తగారిని అడగలేదు.

గోవిందమ్మాళ్ ఆ లోటాలు చూసింది. బల్ల మీద అటు జరిగింది, ఇటు జరిగింది. చివరికి గొంతు తగ్గించి, వీరాయిని దగ్గరకు పిలిచింది.

"నేనన్నవి కూడా ఆయనకు చెప్పినావా?"

"చెప్పినానమ్మా. కొన్ని చెప్పలేదు."

"ఏమిటికి చెప్పలేదు?"

"కోపం వస్తే ఆయన చెయ్యి వణుకుతాది. గోడ వంకర పోతాది."

గోవిందమ్మాళ్ గోడ వైపు చూసింది. మొన్న మొదలైన మొదటి వరస నుంచి ఇప్పుడు పెట్టిన బిళ్ళ దాకా, ఎక్కడా వెంట్రుకంత వంకర లేదు. తన నోటికి భయపడి ఒక ఆడది నిలబెట్టిన గోడ అది. తర్వాత ముసలావిడ నోట్లోని తాంబూలం ఉమ్మేసి వచ్చి, బల్ల మీద కూర్చోకుండా, ఈశ్వరన్ చెవి దగ్గరకు వెళ్ళి నిలబడింది. కోడలి వైపు ఒకసారి చూసింది.

"నీళ్ళియ్యి పంకజం," అంది. ఒక గుక్క తాగి, గట్టిగా గొంతు సవరించుకుంది.